భారీ యంత్రానికి ఏ పునాది? దిమ్మ, పైల్స్, ఫ్రేమ్, స్ప్రింగులు: ఎలా తేల్చుకోవాలి

యంత్రానికి ఆర్డరు పెట్టేశాక సివిల్ డిజైనరు దగ్గరికి వచ్చే మొదటి ప్రశ్న చాలాసార్లు ఇదే: "మెషీన్ 25 టన్నులు, ఫౌండేషన్ ఎంత సైజు పోద్దాం?" ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పకూడదు. 25 టన్నుల యంత్రం కింద 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల మందంతో దిమ్మ పోశామనుకోండి. కాంక్రీటు 115 టన్నులు, యంత్రంతో కలిపి 140 టన్నులు. చదరపు మీటరుకు 6 టన్నులు కూడా పడదు. ఆ భారం మోయలేని నేల అరుదు. చిక్కు బరువుతో రాదు, ఊపుతో వస్తుంది.

యంత్రం సెకనుకు ఇన్నిసార్లు అని దిమ్మను ఊపుతుంది. దిమ్మ, దాని కింది నేల కలిస్తే స్ప్రింగు మీద పెట్టిన బరువు లాంటివే కాబట్టి వాటికీ ఒక సొంత ఊపు ఉంటుంది. దాన్నే సహజ పౌనఃపున్యం అంటాం. ఈ రెండు ఊపులూ దగ్గర పడితే కదలిక పెరిగిపోతుంది; అదే అనునాదం, సైట్ భాషలో రెజొనెన్స్. పునాది రకం ఎంచుకోవడమంటే ఈ రెండింటి మధ్య దూరం ఎంత, ఏ వైపు అన్నది ఎంచుకోవడమే. కింద ఏ రకం గురించి చదివినా ఆ ప్రశ్నను వెంట పెట్టుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

వేగం. ఆర్‌పీఎంను (నిమిషానికి ఎన్ని చుట్లు) 60తో భాగిస్తే హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు) వస్తుంది. 300 ఆర్‌పీఎం అంటే 5 హెర్ట్జ్, 1500 అంటే 25. ఒక్క అంకెతో ఆగకండి. పిస్టన్ యంత్రమైతే తిరిగే వేగానికి రెట్టింపు దగ్గర కూడా బలం పుడుతుంది. డ్రైవ్‌తో వేగం మార్చే యంత్రమైతే ఒక అంకె బదులు ఒక పట్టీ వస్తుంది: 600 నుంచి 1500 వరకు నడుపుతామంటే 10 నుంచి 25 హెర్ట్జ్ వరకు మొత్తం ప్రమాద మండలమే.

బలం తీరు. తిరిగే యంత్రాల్లో బలం చిన్నది, క్రమమైనది. 10 టన్నుల రోటరు (తిరిగే భాగం) 1500 ఆర్‌పీఎంతో తిరుగుతూ, బ్యాలెన్సింగ్ గ్రేడు (రోటరు ఎంత సమతూకంగా ఉందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 6.3 అనుకుంటే, పుట్టే బలం సుమారు 10 కిలోన్యూటన్లు, అంటే ఒక టన్ను బరువంత. తయారీదారు ఇచ్చే గ్రేడు 2.5 అయినా పునాది లెక్కకు ఒక మెట్టు చెడ్డ గ్రేడు తీసుకోవడమే మంచి అలవాటు. రోటరు జీవితమంతా కొత్తగా ఉండదు. పిస్టన్ కంప్రెసర్లలో బలాలు దీనికి ఎన్నో రెట్లు ఉండొచ్చు, వాటితోపాటు మెలిపెట్టే కపుల్స్ (ఎదురెదురు బలాల జతలు) కూడా వస్తాయి. ఫోర్జింగ్ హ్యామర్ దారి వేరు: అది ఊపదు, కొడుతుంది.

నేల. ఇక్కడ భారం మోసే సామర్థ్యం అంకె ఒక్కటే సరిపోదు, షియర్ తరంగ వేగం (నేలను అడ్డంగా కదుపుతూ సాగే తరంగం వేగం) కావాలి. దాని వర్గాన్ని నేల సాంద్రతతో గుణిస్తే షియర్ మాడ్యులస్, అంటే నేల గట్టిదనం అంకె, వస్తుంది. తరంగ వేగం సెకనుకు 165 మీటర్లు ఉన్న ఓ మోస్తరు నేలకు అది సుమారు 50 మెగాపాస్కల్స్. సైట్లో క్రాస్‌హోల్ పరీక్ష (పక్కపక్క బోర్ల మధ్య తరంగ వేగం కొలవడం) గానీ, ఉపరితల తరంగాల పరీక్ష గానీ చేయించి తీరాలి. ఎస్‌పీటీ (బోరులో గొట్టాన్ని దెబ్బలతో దించే పరీక్ష) అంకె నుంచి ఊహించిన విలువతో భారీ యంత్రానికి పునాది గీయడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ పరీక్ష ఖర్చు పునాది ఖర్చులో చిన్న ముక్క.

ఎంత కదలిక తట్టుకుంటారు. దీన్ని మైక్రాన్లలో అడిగేవాళ్లు ఎక్కువ. వేగం చెప్పకుండా మైక్రాన్లు చెబితే అర్థం లేదు. కింది నాలుగు వరుసల్లోనూ కంపన వేగం ఒకటే, గరిష్ఠంగా సెకనుకు సుమారు 3.1 మి.మీ.:

| యంత్రం వేగం | పౌనఃపున్యం | ఆ కంపన వేగానికి కదలిక |
|---|---|---|
| 300 ఆర్‌పీఎం | 5 హెర్ట్జ్ | 100 మైక్రాన్లు |
| 750 ఆర్‌పీఎం | 12.5 హెర్ట్జ్ | 40 మైక్రాన్లు |
| 1500 ఆర్‌పీఎం | 25 హెర్ట్జ్ | 20 మైక్రాన్లు |
| 3000 ఆర్‌పీఎం | 50 హెర్ట్జ్ | 10 మైక్రాన్లు |

నెమ్మదిగా నడిచే కంప్రెసర్‌కు మామూలనిపించే 100 మైక్రాన్ల కదలిక 3000 ఆర్‌పీఎం యంత్రంలో పదింతలు ఎక్కువ. పక్కన మనుషులుంటే లెక్క ఇంకా బిగుస్తుంది; సెకనుకు 0.3 మి.మీ. కంపనాన్నే ఇంట్లో కూర్చున్న మనిషి గుర్తుపట్టగలడు. పక్కన గ్రైండింగ్ మెషీనో కొలతల గదో ఉంటే పరిమితిని ఆ పరికరం తయారీదారును అడిగి రాయించుకోవాలి.

చోటు, అమరిక. యంత్రం కింద కండెన్సరో పైపులో రావాలా? షాఫ్టు అలైన్‌మెంటు ఎంత సున్నితం? నేల కుంగితే యంత్రాన్ని మళ్లీ లెవెల్ చేయడానికి ఎన్ని రోజులు ఆపగలరు? ఈ మూడు జవాబులు కొన్నిసార్లు లెక్కలన్నిటికన్నా ముందే రకాన్ని తేల్చేస్తాయి.

## దిమ్మ: మొదట చూడాల్సింది ఇదే

గట్టి కాంక్రీటు దిమ్మ నేరుగా నేల మీద. చౌక, పోయడం సులువు, నిర్వహణ దాదాపు లేదు. కాబట్టి ఇది కుదరదని తేలాకే మిగతావాటి వైపు వెళ్లాలి.

పైన చెప్పిన 4 × 6 × 2 మీటర్ల దిమ్మనే, 50 మెగాపాస్కల్స్ నేల మీద లెక్క వేద్దాం. అర్ధ అనంత నేల సూత్రంతో (నేల కిందికీ పక్కలకూ అంతం లేకుండా ఒకేలా ఉందనుకునే లెక్క) నిలువు దిశలో సహజ పౌనఃపున్యం సుమారు 12 హెర్ట్జ్ వస్తుంది. ఇప్పుడు దాని మీద రకరకాల యంత్రాలు పెట్టి చూడండి. 1500 ఆర్‌పీఎం ఫ్యాన్ అయితే 25 హెర్ట్జ్, దిమ్మ ఊపుకు రెట్టింపు. హాయిగా ఉంటుంది, పైన చెప్పిన 10 కిలోన్యూటన్ల బలానికి కదలిక 4 మైక్రాన్లు దాటదు. 750 ఆర్‌పీఎం యంత్రమైతే 12.5 హెర్ట్జ్, సరిగ్గా నడినెత్తిన. దిమ్మ అదే, నేల అదే. ఒక యంత్రానికి మంచి పునాది, ఇంకో యంత్రానికి చెడ్డది.

300 ఆర్‌పీఎం కంప్రెసర్ ఇంకా ఆసక్తికరం. 5 హెర్ట్జ్ కదా, 12కి చాలా దూరం అనిపిస్తుంది. కానీ దాని రెండో బలం 10 హెర్ట్జ్ దగ్గర ఉంది. 12కి అది దగ్గరే. ఇప్పుడు ఎవరో "సేఫ్టీకి ఇంకో మీటరు మందం పెంచుదాం" అంటారు. 58 టన్నుల కాంక్రీటు అదనంగా పడుతుంది, స్ప్రింగు అంతే ఉంటుంది, సహజ పౌనఃపున్యం 12 నుంచి 10.3కి దిగుతుంది. సేఫ్టీ పేరుతో పోసిన కాంక్రీటు పునాదిని నేరుగా రెండో బలం మీద కూర్చోబెట్టింది. అదనపు కాంక్రీటు లేకుండా, మొదటి దిమ్మ కాంక్రీటునే అడుగులో పరిచి, 5 × 7 మీటర్ల మీద 1.4 మీటర్ల మందంతో పోసి ఉంటే 13.4 హెర్ట్జ్‌కు పెరిగేది. బరువు పెంచితే చాలదని ఇంత పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

యంత్రం బరువుకు తిరిగే యంత్రమైతే 3 రెట్లు, పిస్టన్ యంత్రమైతే 5 రెట్లు దిమ్మ ఉండాలన్న సూత్రం అందరికీ తెలుసు. అది తొలి బొమ్మ గీసుకోవడానికి పనికొస్తుంది, ఆపైన కాదు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి ఏసీఐ 351.3ఆర్ లాంటి మార్గదర్శకాల్లోని మిగతా తొలి సూత్రాలకు నేను అంతకన్నా ఎక్కువ విలువిస్తాను: మందం 600 మి.మీ.కు తగ్గకూడదు, చిన్న భుజంలో ఐదో వంతుకు, పెద్ద భుజంలో పదో వంతుకు కూడా తగ్గకూడదు. వెడల్పు, అడుగు నుంచి షాఫ్టు మధ్యగీత వరకున్న ఎత్తుకు 1 నుంచి 1.5 రెట్లు ఉండాలి. మొత్తం బరువు కేంద్రం అడుగు మధ్యబిందువు నుంచి ఏ దిశలోనూ ఆ భుజంలో 5 శాతం దాటి పక్కకు జరగకూడదు.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. నిలువుగా ఊగే దిమ్మ తన శక్తిని తరంగాలుగా నేలలోకి పంపేస్తుంది. పై ఉదాహరణలో సూత్రం ప్రకారం ఈ డ్యాంపింగ్ (ఊపు చల్లారే గుణం), క్రిటికల్ డ్యాంపింగ్‌లో (ఊగకుండానే ఆగిపోయే హద్దులో) సగానికి దగ్గరగా ఉంటుంది. అంటే నిలువు దిశలో అనునాదం వచ్చినా కదలిక అమాంతం పెరగదు. అయితే ఇంత భయం ఎందుకంటారా? రెండు కారణాలు. కొద్ది లోతులోనే రాయి తగిలితే ఆ తరంగాలు తిరిగి పైకే వస్తాయి, లెక్కలో చూపిన డ్యాంపింగ్ మాయమవుతుంది. రెండోది, దిమ్మ నిలువుగా మాత్రమే ఊగదు. పక్కకు జారుతూ ముందుకీ వెనక్కీ ఒరుగుతుంది కూడా. ఆ ఒరిగే కదలికలో నేలలోకి పోయే శక్తి చాలా తక్కువ. అడ్డంగా పడుకున్న సిలిండర్ల కంప్రెసర్ బలం అడుగుకు ఎంతో పైన, అడ్డంగా పడుతుంది కాబట్టి దిమ్మను ఒరిగించేదే అది. నిలువు లెక్క ఒక్కటే చూసి సంతకం పెట్టిన డిజైను సగం డిజైనే.

నేల విలువ మీద అనుమానం ఎప్పుడూ ఉంటుంది. మాడ్యులస్‌ను 50 శాతం అటూ ఇటూ మార్చి చూడండి: మన 12 హెర్ట్జ్, 8.6 నుంచి 15 వరకు సాగుతుంది. ఆ మొత్తం పట్టీ యంత్రం వేగాలకు 20 నుంచి 30 శాతం ఎడంగా ఉంటే దిమ్మే మీ జవాబు. లేకపోతే కిందికి చదవండి.

## పైల్స్ మీద దిమ్మ

మెత్తని బంకమన్ను, ఇటీవల నింపిన మట్టి, నీటితో నిండిన వదులు ఇసుక. ఇలాంటి చోట పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే స్తంభాలు, తప్పవు. వదులు ఇసుకైతే కంపనానికే కుదించుకుపోతుంది; యంత్రం నడిచినకొద్దీ దిమ్మ కుంగుతుంది, అదీ ఒక పక్కకు. కదలిక లెక్కలో పాసైనా ఆ నేల మీద నేరుగా దిమ్మ వద్దు.

పైల్స్ నిలువు, ఒరుగు దిశల్లో బిగువు (స్ప్రింగు గట్టిదనం) బాగా పెంచుతాయి. పక్కకు జారే దిశలో అంత కాదు, ఎందుకంటే అక్కడ పని చేసేది పైల్ పై కొన్ని మీటర్ల చుట్టూ ఉన్న మట్టి. అది మెత్తనిదైతే అడ్డ బలాల కంప్రెసర్‌కు పైల్స్ వేసినా నిరాశే మిగలొచ్చు. పైల్ తలను క్యాప్‌లోకి (పైల్స్ మీది దిమ్మలోకి) బాగా బిగించడం, పై పొరను గట్టిపరచడం, కొన్ని పైల్స్‌ను ఏటవాలుగా దింపడం లాంటి ఉపాయాలున్నాయి. క్యాప్ కింది మట్టి కొన్నాళ్లకు దిగి ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి ఆ మట్టి బిగువును లెక్కలోకి తీసుకోవద్దు. డ్యాంపింగ్ కూడా నేల మీది దిమ్మకున్నంత ఉంటుందని ఆశించవద్దు.

ఇంకో ఉచ్చు ఉంది. నేల ఓ మోస్తరుగా బాగానే ఉన్నా "గట్టిగా ఉంటుందిలే" అని పైల్స్ వేసేవాళ్లున్నారు. 12 హెర్ట్జ్ దిమ్మ మీద 1500 ఆర్‌పీఎం యంత్రం చక్కగా నడిచేది. పైల్స్ వేయగానే ఆ 12 పైకి ఎగబాకి 25కి దగ్గరవుతుంది. డబ్బు పెట్టి అనునాదాన్ని పిలుచుకున్నట్టే. అదే 300 ఆర్‌పీఎం కంప్రెసర్ అయితే పైల్స్ మేలే చేస్తాయి, ఎందుకంటే రెండో బలానికి కూడా పైన ఉండాలంటే బిగువు కావాలి.

## టేబుల్‌టాప్ ఫ్రేమ్

అడుగున మందపాటి స్లాబు, దాని మీద స్తంభాలు, పైన డెక్, డెక్ మీద యంత్రం. ఆవిరి టర్బైన్ జనరేటర్లకు ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. కంపనాల కోసం ఎంచుకున్నది కాదిది, చోటు కోసం. కండెన్సరు, లావుపాటి పైపులు టర్బైన్ కిందే రావాలి.

3000 ఆర్‌పీఎం యంత్రం 50 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. ఫ్రేమ్ ప్రధాన ఊపులు దానికి చాలా కింద ఉంటాయి. యంత్రం వేగం పుంజుకునేటప్పుడు, ఆగేటప్పుడు వాటిని దాటుకుంటూ పోతుంది. ఆ దాటే క్షణాల కదలికను విడిగా చూడాలి. అసలు కష్టం ప్రధాన ఊపులతో కాదు. డెక్ బీములు, స్తంభాలు విడివిడిగా ఊగే ఎన్నో ఊపులు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటాయి. వాటన్నిటినీ తప్పించడం సాధ్యం కాదు కాబట్టి, త్రిమితీయ నమూనాతో బేరింగుల దగ్గర కదలిక ఎంతో లెక్కించి పరిమితిలో ఉందని చూపాలి. చేత్తో వేసిన లెక్క ఇక్కడ సరిపోదు. భారత ప్రమాణం ఐఎస్ 2974 మూడో భాగం, జర్మన్ ప్రమాణం డిన్ 4024 ఈ తరహా పునాదుల గురించి మాట్లాడతాయి.

స్తంభాలన్నిటిలో ఒత్తిడి దాదాపు సమానంగా ఉండేలా సైజులు పెట్టండి. ఒక స్తంభం ఎక్కువ, ఒకటి తక్కువ మోస్తే కాంక్రీటు ఏళ్ల తరబడి క్రీప్‌తో (నిలకడ భారం కింద మెల్లగా వచ్చే మార్పుతో) వేర్వేరుగా కుంచించుకుంటుంది, షాఫ్టు అలైన్‌మెంటు మెల్లగా తప్పుతుంది. డెక్‌కూ చుట్టూ ఉన్న భవనం అంతస్తుకూ మధ్య ఖాళీ ఉండి తీరాలి.

## స్ప్రింగుల మీద

కాంక్రీటు దిమ్మనో డెక్‌నో ఉక్కు కాయిల్ స్ప్రింగుల మీద, పక్కన ద్రవ డ్యాంపర్లతో నిలబెట్టడం. సహజ పౌనఃపున్యాన్ని నేల చెప్పినట్టు కాకుండా మనం అనుకున్నట్టు, ఎక్కువగా 2 నుంచి 5 హెర్ట్జ్ మధ్య, పెట్టుకోవచ్చు. స్ప్రింగు బరువుకు ఎంత నొక్కుకుంటుందో చూస్తే పౌనఃపున్యం తెలిసిపోతుంది: 5 హెర్ట్జ్ కావాలంటే సుమారు 10 మి.మీ., 3 కావాలంటే 28 మి.మీ., 2 కావాలంటే 62 మి.మీ. నొక్కుకోవాలి.

యంత్రం ఊపు స్ప్రింగు ఊపుకు 5 రెట్లు ఉంటే, డ్యాంపింగ్ పక్కన పెడితే, నేలకు చేరే బలం 4 శాతం. 3 రెట్లుంటే 12.5 శాతం. 1.4 రెట్ల దగ్గర లాభం సున్నా. అంతకన్నా దగ్గరైతే స్ప్రింగులు పెట్టి నష్టం కొన్నట్టు. రబ్బరు ప్యాడ్లు చౌకే గానీ వాటి నొక్కుడు కొద్దిపాటిదే కాబట్టి పౌనఃపున్యం ఎక్కువగా ఉంటుంది. వేగమైన యంత్రాలకే అవి పనికొస్తాయి. 300 ఆర్‌పీఎం యంత్రం కింద రబ్బరు షీటు పరిచి కంపనం ఆగుతుందనుకోవడం వృథా.

చాలామంది పొరబడే చోటు ఇది: స్ప్రింగులు పొరుగును కాపాడతాయి, యంత్రాన్ని కాదు. 40 కిలోన్యూటన్ల బలం పుట్టించే 300 ఆర్‌పీఎం యంత్రాన్ని మన 140 టన్నుల దిమ్మ మీద, నేరుగా నేల మీద పెడితే నిలువు కదలిక సుమారు 0.06 మి.మీ. అదే దిమ్మను 2 హెర్ట్జ్ స్ప్రింగుల మీదకు ఎత్తితే సుమారు 0.34 మి.మీ. ఆరు రెట్లు. నేలకు చేరే బలం తగ్గింది, యంత్రం ఊగడం పెరిగింది. స్ప్రింగుల మీద కదలికను తగ్గించాలంటే దిమ్మ బరువు పెంచడమొక్కటే దారి. బరువు సూత్రానికి నిజమైన చోటు ఇదే. ఆ పెరిగిన కదలికకు పైపులు, కేబుళ్లు, డక్టులు అన్నీ వంగే జాయింట్లతో రావాలి. ఒక్క పైపును గట్టిగా బిగించినా కంపనం ఆ దారినే బయటికి పోతుంది, చివరికి ఆ పైపే విరుగుతుంది.

స్ప్రింగులకు నేను ఇచ్చే పెద్ద మార్కు వేరే కారణానికి. నేల కుంగితే, జాకీతో ఎత్తి షిమ్ములు (పల్చని రేకులు) మార్చి డెక్‌ను మళ్లీ లెవెల్ చేయవచ్చు. పెద్ద టర్బైన్ డెక్‌లను, బొగ్గు మిల్లులను స్ప్రింగుల మీద పెట్టడంలో ఈ సౌకర్యానికీ పెద్ద వాటా ఉంది. దానికి స్ప్రింగు దగ్గరికి మనిషి దూరేంత చోటు వదలాలి. నీళ్లు, నూనె నిలవని గుంత కావాలి. చోటు వదలకుండా కట్టిన స్ప్రింగు పునాది ఆ లాభాన్ని ముందే పోగొట్టుకుంది.

## ఒకే మ్యాట్ మీద చాలా యంత్రాలు

వరసగా నాలుగైదు కంప్రెసర్లుంటే అన్నిటికీ ఒకే పెద్ద మ్యాట్ (పరచిన స్లాబు లాంటి పునాది) పోయడం చోటును, ఒరిగే బెడదను తగ్గిస్తుంది. కానీ పొడవాటి పల్చని మ్యాట్ దిమ్మలా గట్టిగా ఉండదు, పలకలా వంగుతుంది. దాన్ని గట్టి దిమ్మ సూత్రాలతో లెక్కించకూడదు. ఒక యంత్రం మరమ్మతుకు ఆగినప్పుడు కూడా దాని బేరింగులు పక్క యంత్రాల కంపనాన్ని తింటూనే ఉంటాయి. భవిష్యత్తులో ఇంకో యంత్రం చేర్చే ఉద్దేశం ఉంటే విడి దిమ్మలకే నా ఓటు.

## కొట్టే యంత్రాలు

ఒక టన్ను సుత్తి ఒక మీటరు నుంచి పడితే సెకనుకు 4.4 మీటర్ల వేగంతో దాగలిని తాకుతుంది. దాగలి, పునాది కలిసి 100 టన్నులైతే, తిరిగి ఎగిరే గుణకం 0.5 అనుకుంటే, ఆ మొత్తం సెకనుకు సుమారు 66 మి.మీ. వేగంతో కదలడం మొదలుపెడుతుంది. సహజ పౌనఃపున్యం 8 హెర్ట్జ్ అయితే కదలిక 1.3 మి.మీ. వస్తుంది. ఇక్కడ అనునాదం ముఖ్యం కాదు, తరవాతి దెబ్బ పడేలోపు ఊపు చల్లారడం ముఖ్యం. దెబ్బ వేగాన్ని మింగేది ద్రవ్యరాశి కాబట్టి ఇక్కడ బరువుకు గౌరవం ఇవ్వాల్సిందే. దాగలి కింద గట్టి కలప దుంగలో రబ్బరు పొరో ఉండటం పాత పద్ధతి. చుట్టుపక్కల ఇళ్లుంటే స్ప్రింగులు, బలమైన డ్యాంపర్ల మీద పెట్టడం మేలు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | దిమ్మ | పైల్స్ మీద దిమ్మ | ఫ్రేమ్ | స్ప్రింగులు |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | తక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ |
| నేల గుణంపై ఆధారపడటం | చాలా | లోతు పొరల మీద | మధ్యస్థం | తక్కువ |
| యంత్రం సొంత కదలిక | తక్కువ | తక్కువ | లెక్కలో తేలాలి | ఎక్కువ, బరువును బట్టి |
| పొరుగుకు చేరే కంపనం | ఉంటుంది | ఉంటుంది, లోతుకు కూడా | ఉంటుంది | బాగా తక్కువ |
| కుంగితే సరిదిద్దడం | కష్టం | కుంగడం అరుదు | కష్టం | సులువు |
| నిర్వహణ | దాదాపు లేదు | దాదాపు లేదు | తక్కువ | కావాలి |

## మీ పరిస్థితి ఏది?

మీది మంచి నేల మీద 1000 ఆర్‌పీఎం దాటిన పంపు, ఫ్యాన్, బ్లోయరు అయితే ఎక్కువ ఆలోచించకండి, దిమ్మ పోయండి. పొరుగున సున్నితమైన పరికరం ఉంటేనే స్ప్రింగుల ఊసు.

నెమ్మదైన పిస్టన్ కంప్రెసర్ అయితే వెడల్పాటి, తక్కువ ఎత్తు దిమ్మ. నేల మెత్తనైతే పైల్స్. స్ప్రింగులు చివరి మాట. రెండో బలం అంకె తయారీదారు ఇవ్వకపోతే అది వచ్చేదాకా డిజైను మొదలుపెట్టవద్దు.

వేగం మార్చే డ్రైవ్ ఉన్న యంత్రమైతే రెండే దారులు: అతి తక్కువ వేగానికి బాగా కింద స్ప్రింగులతో ఉండటం, లేదా అత్యధిక వేగానికి బాగా పైన గట్టి దిమ్మతో ఉండటం. 25 హెర్ట్జ్‌కు పైన దిమ్మను నిలపడం మామూలు నేల మీద దాదాపు అసాధ్యం కాబట్టి, వేగమైన యంత్రానికి స్ప్రింగులే. రెండూ కుదరకపోతే కొన్ని వేగాలను డ్రైవ్‌లోనే నిషేధించి దాటించేయవచ్చు. ఆపరేషన్ వాళ్లు ముందే ఒప్పుకోవాలి.

పాత దిమ్మ మీద కొత్త యంత్రం పెట్టేవాళ్లే అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి. కొత్త యంత్రం తేలిక కాబట్టి పరవాలేదనే వాదన వినొద్దు. బరువు తగ్గితే పౌనఃపున్యం పెరుగుతుంది, వేగం మారితే దూరం మారుతుంది. పాత దిమ్మ ఊపును కొలిచాకే నిర్ణయం. మార్చాల్సి వస్తే పక్కలకు వెడల్పు చేయడం, దిమ్మ కింది నేలలోకి గ్రౌటు (జారుగా పోస్తే గట్టిపడే మిశ్రమం) ఎక్కించడం, పక్క దిమ్మతో కలపడం ఉన్నాయి. చుట్టూ మీటరు లోతు కందకం తవ్వి ఇసుక నింపే పనికి మాత్రం డబ్బు ఖర్చు చేయకండి. కందకం పనిచేయాలంటే లోతు ఉపరితల తరంగపు పొడవులో 0.6 వంతు దాకా ఉండాలి. మన నేల మీద 12.5 హెర్ట్జ్‌కు అది 7 మీటర్లు దాటుతుంది.

## ఏ రకమైనా వదలకూడని పనులు

దిమ్మను ఒకే దఫాలో, కోల్డ్ జాయింట్ (గట్టిపడిన కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకు) లేకుండా పోయాలి. మీటరు దాటిన మందంలో సిమెంటు వేడి లోపలే నిలుస్తుంది. లోపలికీ పైకీ తేడా 20 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవడం మంచి హద్దు. స్టీలు, మామూలు దిమ్మకైనా ఘనపు మీటరుకు 25 కిలోలకు తగ్గించవద్దు. దిమ్మకూ షాపు ఫ్లోరుకూ మధ్య ఖాళీ వదిలి మెత్తని ఫిల్లరుతో మూయండి. ఫ్లోరు వేసే కాంట్రాక్టరు దాన్ని కాంక్రీటుతో పూడ్చేస్తే పునాది అక్కడే మారిపోయినట్టు.

యాంకర్ బోల్టు పై భాగం చుట్టూ స్లీవు (కాంక్రీటు అంటకుండా ఉంచే గొట్టం) ఉండాలి. అప్పుడే బోల్టు సాగి, బిగింపు నిలుస్తుంది. స్లీవు లేని పొట్టి బోల్టు కొద్ది నెలల్లో వదులవుతుంది. గ్రౌటు విషయంలో నిశ్చల భారాలకు కుంచించుకోని సిమెంటు గ్రౌటు చాలు. గట్టిగా ఊగే కంప్రెసర్లకు, నూనె కారే చోట్లకు ఎపాక్సీ. ఎపాక్సీ కోసం దిమ్మ పై పాలపొరను చెక్కేసి, కంకర కనిపించేదాకా వెళ్లి, పూర్తిగా ఆరనివ్వాలి. లెక్కల్లో తప్పు లేకపోయినా గ్రౌటు కింద బోలు ఏర్పడి కంపించే యంత్రాలు తక్కువేమీ కాదు. కంపనం ఫిర్యాదు వస్తే దిమ్మను పగలగొట్టే ముందు బేస్‌ప్లేటు మీద చిన్న సుత్తితో తట్టి వినండి.

దిమ్మ గట్టిపడ్డాక, యంత్రం ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి, బరువైన రబ్బరు సుత్తితో కొట్టి యాక్సిలరోమీటరుతో ఊపు కొలవండి. లెక్కలో 12 వచ్చిన చోట సైట్లో 15 వస్తే, నేల అనుకున్నదానికన్నా గట్టిదని యంత్రం స్టార్ట్ చేయకముందే తెలుస్తుంది. వచ్చిన అంకెను డ్రాయింగు మీదే, తేదీతో సహా రాసి పెట్టండి. కొన్నేళ్ల తర్వాత ఆ దిమ్మ మీద మోటారు మార్చే ఇంజినీరు మొదట వెతికేది దానికోసమే.